పథ్యం నాది, పద్దు ఆయనది

మా ఇంట్లో షుగర్ ఉన్నది నా ఒక్కదానికే. దాని మీద హక్కులు మాత్రం అందరివీ. నా కంచంలో అన్నం ఎంత ఉండాలో మావారు చెబుతారు. ఎందుకు ఉండకూడదో డాలస్ నుంచి అమ్మాయి చెబుతుంది. అసలు అన్నం మాటే మర్చిపోయి కొర్రలు తినమని పక్కవాటా ఆవిడ చెబుతుంది. ఆమధ్య పాలబ్బాయి కూడా "మీరు వెన్న తీసినవే తాగాలటగా అమ్మగారూ" అన్నాడు. అతనికెవరు చెప్పారని నేను అడగలేదు. కాకినాడలో మా వీధి వీధంతా ఏ విషయం మీదా ఒక్క మాట మీద ఉండదు, నా రక్తం రిపోర్టు మీద తప్ప.

మావారు ట్రెజరీలో చేసి రిటైరయ్యారు. సర్వీసంతా ఊళ్లో వాళ్ల బిల్లులకి అబ్జెక్షన్లు పెట్టిన చెయ్యి, ఊరికే కూచోమంటే కూచుంటుందా? సరిగ్గా ఆయన రిటైరైన ఏడే నాకు షుగర్ బయటపడింది. దేవుడు తనకిచ్చిన ఎక్స్‌టెన్షన్ అదేనని ఆయన నమ్మకం. మర్నాడే పొడుగాటి అట్ట రిజిస్టరు కొనుక్కొచ్చి, స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో గళ్లు గీశారు. తేదీ. తినకముందు. తిన్నాక. చివర్న వెడల్పుగా ఇంకో గడి, దాని పేరు రిమార్కులు. అందులో ఏం రాస్తారంటే, "నిన్న సాయంత్రం మిరపకాయ బజ్జీ, అనుమతి లేనిది." "గోంగూర పచ్చడి సాకుతో మారు అన్నం. సంజాయిషీ కోరడమైనది." పెళ్లయిన కొత్తలో నేను పుట్టింటికి వెళ్తే ఒక్క ఉత్తరం ముక్క రాయని మనిషి, ఇప్పుడు నా గురించి రోజూ రాస్తున్నారు.

ఇలా చెప్పుకుపోతే నేను నోట్లో నాలుక లేనిదాన్ననుకునేరు. నాలుక ఉంది. వచ్చిన చిక్కంతా దాంతోనే. వండేది నేను కదా, రుచి చూడకుండా గిన్నె దించడమెలా? చూడటం తినడం కిందికి రాదని నా వాదన. పరవాన్నంలో బెల్లం సరిపోయిందో లేదో ఒక్క గరిటెతో తేలదు. పైన ఒక రుచి ఉంటుంది, అడుగున ఒక రుచి ఉంటుంది. దీనికితోడు మా అత్తగారు. ఎనభై దాటాయి, షుగర్ లేదు, బీపీ లేదు, చివర్న బెల్లం ముక్క పడందే ఆవిడకి భోజనం చేసినట్టుండదు. నన్ను చూసి జాలిపడి, కొడుకు అటు తిరగ్గానే "ప్రసాదానికి షుగరుండదే అమ్మాయ్, కళ్లకద్దుకుని వేసుకో" అంటూ చేతిలో పెడతారు. పెద్దవాళ్ల మాట కాదనే అలవాటు మా పుట్టింట్లో లేదు.

పోనీ ఆ తిన్నదైనా తృప్తిగా తింటానా అంటే అదీ లేదు. వంటింట్లో లైటు వెయ్యకుండా, డబ్బా మూత చప్పుడు కాకుండా గోరుతో లేపి, కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి తిన్న కాజాకి రుచేం తెలుస్తుంది? పాకం గొంతు దిగేలోపే బెంగ మొదలు. కళ్లు పోతాయేమో, కిడ్నీలు పోతాయేమో, మొన్న కాలి బొటనవేలికి తగిలిన దెబ్బ ఇంకా మానలేదేమిటో. బొటనవేలు తడుముకుంటాను. అలా తడుముకుంటూ ఉండగా ఏదో ఒక ఊరట కావాలనిపిస్తుంది. డబ్బా ఎలాగూ తెరిచే ఉంది, రెండో కాజా దిగుతుంది.

మొదట్లో నేను పరీక్షల్ని తెలివిగా నెట్టుకొచ్చాను. ఫలానా రోజు రక్తం ఇవ్వాలంటే దానికి ముందు వారమంతా సన్యాసం. చపాతీ, ఆకుకూర, కీరదోసకాయ. రిపోర్టు ముత్యంలా వచ్చేది. మావారు "సంతృప్తికరం" అని రాసి సంతకం పెట్టేవారు. సన్యాసం మర్నాటితో సరి. ఇదిలా సాగుతుండగా డాక్టరుగారు హెచ్‌బీఏ1సీ రాశారు. అదే, జనం మూడు నెలల యావరేజి అంటారే, అది. రక్తంలో ఉన్న గ్లూకోజు ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కి అంటుకుంటుందట, ఎర్రకణం ఇంచుమించు 120 రోజులు బతుకుతుందట, ఆ బతికినన్నాళ్లూ మనం తిన్నదాన్ని మోసుకు తిరుగుతుందట. నా ఒంట్లో పుట్టి, నా ఉప్పు తిని, నా మీదే చాడీలు! చాలామందికి 7 లోపు ఉంటే మంచిదంటారు. నాకు 8.9 వచ్చింది. అంటే కొన్ని నెలలుగా నా షుగర్ సగటున 200 దాటే ఉంటోందని లెక్క. మావారు రిపోర్టునీ రిజిస్టర్నీ పక్కపక్కన పెట్టుకుని ఆ పూటంతా మాట్లాడలేదు. పుస్తకంలో నిల్వకీ గోడౌన్లో నిల్వకీ తేడా వచ్చింది. ఆయన సర్వీసులో ఇంతకంటే పెద్ద కుంభకోణం చూసి ఉండరు.

అప్పట్నుంచి చిట్కాల ఋతువు మొదలైంది. మెంతులు నానేశాను, కాకరకాయ రసం తాగాను, నేరేడు గింజలు దంచాను. కొబ్బరినూనె డైటు ఊళ్లన్నిటినీ ఊపేసిన రోజుల్లో మా ఇల్లూ ఊగింది, ఆ నూనె వాసనకి నేనూ ఊగాను. వరంగల్ నుంచి మా తమ్ముడు తెలంగాణ సోనా బస్తా పంపించాడు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు తెచ్చిన రకం, గ్లైసీమిక్ ఇండెక్స్ తక్కువ అన్నాడు. వాళ్లు తక్కువన్నారు కదా అని నేను ఎక్కువ పెట్టుకున్నాను. తప్పు బియ్యానిది కాదు. ఇక పొడపత్రి ఆకు సంగతి వేరు, అది మోసం చెయ్యదు. నమిలితే అందులోని ఆమ్లాలు నాలుక మీద తీపిని పసిగట్టే చోట్లని కాసేపు మూసేస్తాయి. నోట్లో పంచదార పోసుకున్నా ఇసుకే. సరే చూద్దామని ఆకు నమిలి సున్నుండ తిన్నాను. నెయ్యి కలిపిన మినప్పిండి తిన్నట్టుంది. రుచి పోయింది గానీ సున్నుండ మాత్రం లెక్కలోకి వచ్చింది.

ఇవన్నీ గడప లోపలి సంగతులు. గడప దాటితే ఇంకో కథ. నన్ను "బాగున్నావా" అని పలకరించేవాళ్లే కరువయ్యారు. అందరిదీ ఒకే మాట: "కంట్రోల్లో ఉందా?" ఉందంటే నమ్మరు, లేదంటే వదలరు. మొన్న మాఘమాసంలో మా ఆడపడుచుగారి అబ్బాయి పెళ్లికి రాజమండ్రి వెళ్లాం. చాలాకాలానికి బల్లల మీద అరిటాకులు వేసి వడ్డిస్తున్నారు. ఆకు కడుక్కున్నాను. ఉప్పు, పచ్చడి, పులిహోర వచ్చాయి. నేతి గిన్నెతో ఒకడు, వాడి వెనక బొబ్బట్ల పళ్లెంతో ఇంకొకడు. పెనం మీంచి దిగినవి దిగినట్టే, అంచుల్లో పూర్ణం కొంచెం పగిలి కనపడుతోంది. వాడు వంగి నా ఆకులో వెయ్యబోయాడు. పంక్తి ఆ చివర్నుంచి మా తోడికోడలు కేక వేసింది: "బాబూ, ఆవిడకి వెయ్యకు, షుగర్!" ఆ పిల్లాడు బొబ్బట్టుని గాల్లోంచే వెనక్కి తీసుకున్నాడు. ఎదుటి వరసలో పెళ్లికూతురి తరఫువాళ్లు తలలెత్తి నన్ను చూశారు. పక్కనున్న పెద్దాయన "షుగరు వాళ్లకి ఆ పందిరి చివర పుల్కాలు పెట్టారమ్మా" అని దారి కూడా చూపించారు. అన్నం తింటున్నంతసేపూ నా ఆకులో ఆ మూల ఖాళీగా ఉంది. మన దేశంలో 10 కోట్లమందికి పైగా షుగర్ ఉందని 2023లో ఐసీఎంఆర్ వాళ్ల సర్వే తేల్చింది. అంటే ఆ పంక్తిలో నాలాంటివాళ్లు ఇంకొందరు ఉండే ఉంటారు. వాళ్లు హాయిగా బొబ్బట్లు తింటూ నన్ను జాలిగా చూశారన్నమాట. వాళ్లకి తోడికోడళ్లు లేరు కాబోలు.

కానీ నన్ను నిజంగా ఏడిపించింది ఇదేదీ కాదు. నేను ఏ తప్పూ చెయ్యని ఒక రోజు.

పెళ్లి నుంచి వచ్చాక గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను. రాత్రికి ఒక జొన్నరొట్టె, సొరకాయ కూర, గ్లాసుడు పల్చటి మజ్జిగ. డాబా మీద అరగంట నడిచాను. పడుకోబోయే ముందు వేలు గుచ్చుకుని చూస్తే 134. ఇంత బుద్ధిమంతురాలు లోకంలో లేదనుకుని పడుకున్నాను. పొద్దున్నే 172. మీటరు చూపిస్తుంటే నాకే నోరు పెగల్లేదు. మావారు కళ్లజోడు మీంచి చూసి "రాత్రి ఏం తిన్నావ్?" అన్నారు. రొట్టె అన్నాను. "ఇంకా?" మజ్జిగ. "ఇంకా?" ఆయన లేచి వంటింట్లోకి వెళ్లి సున్నుండల డబ్బా దించి లెక్కపెట్టారు. తగ్గలేదు. అప్పుడు వాళ్లమ్మ వైపు తిరిగారు. ఆవిడ "వెంకన్న సాక్షిగా నేనేం పెట్టలేదురా" అని దీపారాధన మధ్యలో ఆపి మరీ చెప్పారు. నేను పెరట్లోకి వెళ్లి, గిన్నెలు తోముతున్నట్టు కుళాయి తిప్పుకుని ఏడ్చాను. తిన్న రోజుల్లో దొరక్కుండా తప్పించుకున్నాను, తినని రోజున దొరికాను. ఇక తినకపోవడం ఎందుకు?

తర్వాత డాక్టరుగారు చెప్పారు. తెల్లవారుజామున ఒంట్లో కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయట. మనిషి నిద్ర లేవబోతున్నాడు, బలం కావాలి అని కాలేయం తన దగ్గరున్న గ్లూకోజుని రక్తంలోకి వదులుతుందట. మామూలువాళ్లకి దానికి తగ్గ ఇన్సులిన్ వచ్చి సర్దేస్తుంది. మాలాంటివాళ్లకి సర్దదు. భయం, కోపం, దిగులు వచ్చినా అవే హార్మోన్లు, అదే తంతు. అంటే "ఏం తిన్నావ్" అని ఆయన అడిగిన ప్రశ్నక్కూడా నాకు షుగర్ పెరిగే ఉండాలి. ఇంటికొచ్చాక మావారు రిజిస్టరు తీసి, ఆ తేదీ ఎదురుగా "బాధ్యులు: కాలేయం" అని రాసి సంతకం పెట్టారు. ఆయన దృష్టిలో కేసు మూసేశారు.

నా దృష్టిలో మూసుకోలేదు. ఆ మీటరుని అలమరలో పట్టుచీరల కింద పెట్టేశాను. చూస్తేనే కదా నంబరు, చూడకపోతే ఏ గొడవా లేదు. బిళ్లలు ఒకపూట వేసుకుంటే ఒకపూట మర్చిపోయేదాన్ని. మర్చిపోవడం అంటే నిజంగా మర్చిపోవడం కాదు. చేతిలోకి తీసుకుని, "ఇది జీవితాంతం" అనుకుని, మళ్లీ సీసాలో పడేయడం. స్ట్రిప్పుల మీద తేదీ దాటిపోయింది. ఒక్కోటి ఖరీదెంతో ఆయనకి తెలుసు గనుక ఆ బాధ ఆయన్ని పడమన్నాను.

అలాంటి పరిస్థితిలో శ్రావణ శుక్రవారం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం కదా, బుద్ధిగా ఉందామని పొద్దున్నే బిళ్ల వేసుకున్నాను. ఉపవాసం ఉన్నాను. ఆ రెండూ పక్కపక్కన ఉండకూడదని అప్పటికి నాకు తట్టలేదు. నాది ఒంట్లో ఇన్సులిన్‌ని తోసే రకం బిళ్ల, తిండి పడకపోతే షుగర్‌ని కిందికి లాగేస్తుంది. తోరం కట్టుకుంటుంటే ముడి పడటం లేదు. వేళ్లు వణుకుతున్నాయి, రవిక తడిసిపోయింది, అమ్మవారి మొహం రెండుగా కనిపిస్తోంది. మా అత్తగారు "అమ్మవారు పూనింది" అని చేతులు జోడించారు. మావారు మాత్రం పట్టుచీరలన్నీ నేలమీద గిరాటేసి మీటరు తీశారు. అది అక్కడుందని ఆయనకి ముందే తెలుసన్నమాట! తేదీ దాటని స్ట్రిప్పు ఒకటి ఆయన జేబులోంచే వచ్చింది. 58. 70 కంటే తగ్గితే వెంటనే 15 గ్రాముల తీపి ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. ఆ నిబంధన ఆయనకి కంఠతా వచ్చు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి నోటికందించి, గడియారం చూసుకుంటూ నిలబడ్డారు. చట్టబద్ధంగా తాగిన పంచదార నీళ్ల రుచే వేరు. ఇంకో చెంచా వెయ్యమన్నాను. "15 గ్రాములే" అన్నారు. అప్పుడు ఆయన చెయ్యి నా చేతికంటే ఎక్కువ వణుకుతోంది.

ఆ దెబ్బతో నాకు కొత్త భయం పట్టుకుంది. పెరిగితే ఒక భయం, తగ్గితే ఒక భయం. గుడికి ఒంటరిగా వెళ్లాలన్నా జంకు. ధైర్యం కోసం హ్యాండుబ్యాగులో చాక్లెట్లు పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాను. షుగర్ ఎప్పుడూ తగ్గలేదు గానీ చాక్లెట్లు తగ్గుతూ వచ్చాయి.

ఈ వ్యవహారమంతా చూసి అమ్మాయి ఫోన్లోనే పోరుపెట్టి మమ్మల్ని ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పంపింది. చిన్నపిల్ల, మా అమ్మాయి ఈడుది. ఫైలు పక్కన పెట్టి "ఎలా ఉన్నారమ్మా?" అంది. "210 అండి" అన్నాను. "షుగర్ సంగతి కాదమ్మా, మీరు ఎలా ఉన్నారు?" అంది. ఎంతసేపటికీ జవాబు తోచలేదు. మావారి వైపు చూశాను. ఆయన రిజిస్టరు తిరగేస్తున్నారు. అందులోనూ లేదు.

అప్పుడు ఒక కాగితం ఇచ్చింది. 1995లో అమెరికాలో బోస్టన్‌లోని జోస్లిన్ సెంటర్‌కి చెందిన పోలోన్‌స్కీ బృందం తయారుచేసిన ప్రశ్నపత్రమట. పేరు 'పెయిడ్'. ఆ పేరు వినగానే మావారి మొహం విచ్చుకుంది, ట్రెజరీలో ఆ ముద్ర పడితేనే గదా బిల్లుకి మోక్షం. మొత్తం 20 ప్రశ్నలు. ఒక్కోదానికి ఇబ్బంది లేకపోతే 0, భరించలేనంత ఉంటే 4. అన్నీ కూడి 1.25తో గుణిస్తే నూటికి ఇంత అని వస్తుంది. 40 దాకా వెళ్లిందంటే బెంగ గట్టిగానే ఉన్నట్టు. ఎక్కువ మార్కులొస్తే తప్పే పరీక్ష అదొక్కటే కాబోలు.

ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పరిచాం. గుణకారం ఉంది కాబట్టి మావారు పెన్ను పట్టుకుని పక్కనే కూచున్నారు. ఎప్పుడూ తిండి గురించే ఆలోచన ఉంటుందా అన్న అర్థంతో ఒక ప్రశ్న. 4 వేశాను, ఆయన తలూపారు. దారి తప్పినప్పుడు తప్పు చేసినట్టు కుమిలిపోతారా? 4. ముందుముందు ఏ అవయవం దెబ్బతింటుందోనన్న భయం? 3. తర్వాత ఇంట్లోవాళ్లు, స్నేహితులు మీకు అండగా లేరనిపిస్తుందా అన్న ప్రశ్న. నేను నిదానంగా 3 వేశాను.

"దీనికి ఆధారం?" అన్నారు.

రిజిస్టరు తెచ్చి ముందు పెట్టాను. మొదటి పేజీ నుంచి తన రిమార్కులు తనే చదువుకున్నారు. పేజీ తిప్పుతారు, కళ్లజోడు తుడుచుకుంటారు, మళ్లీ తిప్పుతారు. "సంజాయిషీ కోరడమైనది" దగ్గర ఆగి, "ఇది ఆఫీసు భాషే, మరోలా అనుకోకు" అన్నారు. చివరికి గొంతు తగ్గించి "2 వేసుకో, రాజీ" అన్నారు. ముప్ఫయ్యేళ్ల కాపురం కదా, సరే అని 2 వేశాను. మొత్తం కూడితే 32. గుణిస్తే సరిగ్గా 40. "ఇంకొక్కటి తగ్గిస్తే పాసవుతావు" అన్నారు ఆశగా. తగ్గించలేదు.

కాగితం చూసి డాక్టరమ్మ చెప్పిన మాటలు నాకు నచ్చాయి. ఇది డిప్రెషన్ కాదట, అది వేరే జబ్బు, దానికి వేరే వైద్యం. ఇది షుగర్‌తో రోజూ కాపురం చేసే అలసట. ఇది పెరిగితే మనిషి పరీక్షలు మానేస్తాడు, మందులు వదిలేస్తాడు, దాంతో షుగర్ పెరుగుతుంది, అది చూసి బెంగ ఇంకా పెరుగుతుంది. పట్టుచీరల సంగతి ఈవిడకెవరు ఉప్పందించారా అని నేను మావారిని అనుమానంగా చూశాను. మన దేశంతో కలిపి 17 దేశాల్లో డాన్2 అని ఒక అధ్యయనం చేసి 2013లో ఫలితాలు వేశారట. షుగర్ ఉన్నవాళ్లలో నూటికి దాదాపు 45 మందికి ఈ బెంగ ఉంది. ఈ జబ్బుతో మీ బతుకు ఎలా ఉంది అని వైద్యం చేసేవాళ్లు తమని అడిగారని చెప్పినవాళ్లు మాత్రం నాలుగోవంతు కూడా లేరు. అదే అధ్యయనంలో ఇంట్లోవాళ్లనీ అడిగితే మూడోవంతు పైగా తమకీ భారంగానే ఉందన్నారట. ఈ చివరి మాట వినగానే మావారు కుర్చీలో ముందుకు జరిగి, "వాళ్లకి కూడా ఇలాంటి కాగితం ఏదైనా ఉంటుందాండీ?" అని అడిగారు. పాపం అనిపించింది. రాత్రిళ్లు నాకు చెమట పడుతోందేమోనని లేచి చెయ్యి వేసి చూసేవారు కాబోలు. నేను సున్నుండలు లెక్కపెట్టడానికి లేచారనుకునేదాన్ని.

ఆవిడ కొన్ని ఏర్పాట్లు చేసింది. ఉపవాసాల రోజున వేసుకోనక్కర్లేని బిళ్లకి మార్చింది. కంచం ముందు షుగర్ మాట ఎత్తకూడదంది. నెలకో పండక్కి నాకు నచ్చిన తీపి ఒకటి, లైటు వేసుకుని, కూచుని తినమంది. నంబరు పెరిగితే ఎందుకు పెరిగిందో చూసుకోవడానికేగానీ ఎవరినీ పట్టుకోవడానికి కాదంది. ఆ రిమార్కుల గడి తీసెయ్యమని మావారికి మరీమరీ చెప్పింది. ఆయన పై అధికారుల ఉత్తర్వు ఎన్నడూ జవదాటి ఎరగరు. ఆ రాత్రే స్కేలు పెట్టి ఆ గడిని అడ్డంగా కొట్టేశారు.

కొట్టేసిన చోట ఇంకో గడి గీశారు. దాని పేరు "బెంగ (0-4)". ఇప్పుడు రోజూ పొద్దున్నే, చక్కెర లేని కాఫీ నా చేతికిచ్చి, వేలు గుచ్చి నంబరు రాసుకుని, పెన్ను పైకెత్తి "ఈవేళ ఎంత?" అంటారు. నిజం చెబుదామా అంటే 3 అన్న రోజున ఆయన మొహం చూడలేను, డాలస్‌కి ఫోను వెళ్తుంది, అత్తగారు దిష్టి తీస్తారు, పక్కవాటా ఆవిడ ధ్యానం నేర్పిస్తానని చాప పట్టుకొస్తుంది. అందుకని బెంగ కూడా కొంగు చాటునే పడుతున్నాను. నిన్న "సున్నా" అని చెప్పాను. ఆయన కళ్లజోడు మీంచి చూసి, "వోచర్?" అన్నారు.